మాంట్‌గోమరీలో ఎవరు ‘గారు’, ఎవరు ‘ఒరేయ్’

అమెరికాలో అలబామా రాష్ట్ర రాజధాని అయిన మాంట్‌గోమరీలో ఉద్యోగం వచ్చిందనీ, పదమూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారనీ, అలబామా పేరు వినగానే ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడుతున్నారనీ రాశారు. అక్కడ తెల్లవారికీ నల్లవారికీ మధ్య మనల్ని ఎక్కడ నిలబెడతారు, ఇల్లు ఏ వైపు తీసుకోవాలి అని అడిగారు. నేను 1976 ఆగస్టులో, పదకొండేళ్ల వయసులో, తెనాలి దగ్గరి ఒక పల్లెటూరి నుంచి అమ్మతో పాటు ఆ ఊరు చేరాను. అంతకు అయిదేళ్ల ముందే అమెరికా వచ్చిన నాన్న ఉత్తరాది రాష్ట్రాల్లో వైద్యంలో పైచదువు ముగించుకుని, అప్పుడే అక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టారు. కాలేజీ చదువుకు బయటికి వెళ్లిన కొన్నేళ్లు తప్ప నా జీవితమంతా అక్కడే గడిచింది; అందులో ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో చరిత్ర బోధించాను. మీ సొంతూరు ఏది అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది మాంట్‌గోమరీ పేరే కాబట్టి, నా మాటల్లో కొంత అభిమానం, కొంత కోపం రెండూ ఉంటాయని ముందే చెబుతున్నాను.

మీ పెద్దవాళ్లు భయపడుతున్నట్టు ఎవరూ వీధిలో నిలబెట్టి తిట్టరు. మీకు దొరికేది మర్యాద, అది కూడా కొసరి కొసరి వడ్డించే మర్యాద. పక్కింటివారు మొదటి వారంలోనే కేకు పట్టుకొస్తారు. దుకాణంలో చిన్నపిల్లవాడు కూడా ప్రతి వాక్యం చివర ‘మ్యామ్’, ‘సర్’ అని చేర్చి మాట్లాడతాడు. అది విని మా అమ్మ మొదటి నెలలోనే ఎంతో సంబరపడి, ఇది మన ‘అండీ’ లాంటిదే, వీళ్లకు పెద్దా చిన్నా తెలుసు అంది. ఆమె చెప్పింది నిజమే. మనవాళ్లకు అక్కడ అంత త్వరగా ఇల్లు కుదిరినట్టు అనిపించడానికి కారణం కూడా అదే. అయితే ‘అండీ’ ఉన్న భాషలో ‘ఒరేయ్’ కూడా ఉంటుందనీ, ఎవరికి ఏది దక్కుతుందో గమనిస్తే తప్ప ఆ ఊరు అర్థం కాదనీ నాకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

మేము మొదట అద్దెకున్న ఇంటి పెరట్లో గడ్డి కోయడానికి ఒక నల్లజాతి పెద్దాయన వచ్చేవాడు. అరవై ఏళ్లు దాటి ఉంటాయి. ఇంటి యజమాని కొడుకు నా ఈడువాడే అయినా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాడు. ఆయన మాత్రం ఆ పిల్లవాడి పేరుకు ముందు ‘మిస్టర్’ చేర్చి పలికేవాడు. అది చూసి నేను ఆశ్చర్యపోయానని రాస్తే బాగుండేది కానీ, నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఊళ్లో మా తాతకంటే పెద్దవాడైన పాలేరును నేను తొమ్మిదేళ్ల వయసులో ‘ఒరేయ్’ అనే పిలిచేదాన్ని. ఆయన నన్ను ‘అమ్మాయిగారూ’ అనేవాడు. కొత్త దేశంలో అన్నీ తెలియనివే అయిన ఆ రోజుల్లో నాకు వెంటనే అర్థమైన ఒకే ఒక్క విషయం ఈ పిలుపుల లెక్క.

ఇది చిన్న విషయం కాదు. 1955 డిసెంబరు 1న, బస్సులో తెల్లవారికి సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ అరెస్టయిన తర్వాత ఆ ఊరి నల్లవారు 381 రోజులు బస్సులు ఎక్కకుండా నడిచారని మీ పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ ఉద్యమం మొదట్లో పెట్టిన మూడు కోర్కెల్లో మొట్టమొదటిది బస్సు డ్రైవర్లు తమతో మర్యాదగా మాట్లాడాలన్నది. సీట్ల విషయం రెండోది, నల్లవారు ఎక్కువగా ఉండే దారుల్లో నల్లజాతి డ్రైవర్లను నియమించాలన్నది మూడోది. అదే రాష్ట్రంలోని గాడ్స్‌డెన్‌లో 1963లో మేరీ హామిల్టన్ అనే ఉద్యమ కార్యకర్తను కోర్టులో ప్రాసిక్యూటర్ ‘మేరీ’ అని పిలిస్తే, తెల్ల సాక్షులను పిలిచినట్టే తననూ ‘మిస్ హామిల్టన్’ అంటే తప్ప జవాబు చెప్పనని ఆమె పట్టుబట్టింది. జడ్జి అది కోర్టు ధిక్కారమని జైలుకు పంపాడు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. నేను ఈ కేసును ఏటా తరగతిలో చెప్పేదాన్ని. ఒక పిలుపు కోసం జైలుకు వెళ్లడమేమిటని నవ్విన పిల్లలు ఉండేవారు. వాళ్లలో ఒక్కడు కూడా నల్లజాతి పిల్లవాడు కాడు.

మా నాన్న క్లినిక్ కథ ఇందులో భాగమే. పదవీ విరమణ చేసిన ఒక తెల్ల వైద్యుడి దగ్గర ఆయన ఆ క్లినిక్ తీసుకున్నారు. తెల్లవారికి, నల్లవారికి అని వేరుచేసే బోర్డులు ఎప్పుడో తీసేసినా భవనానికి రెండు తలుపులు, రెండు వేచి ఉండే గదులు అలాగే ఉన్నాయి, రోగులు కూడా అలవాటు కొద్దీ ఎవరి తలుపు వైపు వాళ్లు వెళ్లేవారు. నాన్న ఆ గోడ పడగొట్టించడానికి రెండేళ్లు పట్టింది. తెల్ల రోగులు మానేస్తారేమోనని భయపడ్డాను అని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. పిలుపుల విషయం మాత్రం ఆయనకు తెలియకుండానే మారింది. అక్కడి గుమస్తా తెల్ల రోగుల కాగితాల మీద మిస్టర్, మిసెస్ చేర్చి ఇంటిపేరు రాసేది. నల్ల రోగులకైతే ఉత్త పేరు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసే అలవాటున్న మా నాన్నకు అమెరికా పేర్లలో ఏది ఏదో అంతుపట్టక, ఎందుకొచ్చిన గొడవ, అందరికీ మిస్టరో మిసెస్సో పెట్టి ఇంటిపేరే రాయమన్నారు. సిద్ధాంతం ఏమీ లేదు, తికమక తప్పించుకోవడమే. కానీ ఆ గదిలో నిలబడి ఒక నల్లజాతి ముసలమ్మను అందరూ వినేలా ‘మిసెస్’ అని పిలవడం ఎంత పెద్ద మాటో ఆమెకు తెలుసు. ఆమె తన అక్కచెల్లెళ్లందరినీ మా నాన్న దగ్గరికే తీసుకొచ్చింది. చనిపోయేదాకా వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు.

ఆమె వచ్చినప్పుడల్లా కాగితపు సంచిలో బెండకాయలు, పచ్చి బొబ్బర్లు తెచ్చేది. బెండకాయ, బొబ్బర్లు రెండూ ఆఫ్రికా నుంచి వచ్చిన పంటలే. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఆ దక్షిణాది నేలకు చేరి, నల్లవారి వంటింటి నుంచి తెల్లవారి వంటింట్లోకి వెళ్లాయి. జనవరి 1న బొబ్బర్లు, ఆకుకూర తింటే ఏడాదంతా బాగుంటుందని అక్కడ రెండు జాతులవారూ నమ్ముతారు. రోడ్డు పక్కన పెద్ద గిన్నెల్లో ఉప్పు వేసి ఉడికించిన వేరుశనగకాయలు అమ్ముతారు. మొదటిసారి చూసినప్పుడు అమ్మ కారు ఆపించి, దిగి, అమ్మే అతనితో తెలుగులోనే మాట్లాడబోయింది. తిండి విషయంలో మీకు ఏ లోటూ ఉండదు. దేవుడి విషయంలో మాత్రం, అట్లాంటా పక్కన రివర్‌డేల్‌లో ఇప్పుడున్న గుడి కూడా మా చిన్నప్పుడు ఇంకా లేదు. గూట్లో పటం, దాని ముందు అమ్మ, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో జరిగినది. మేము సొంత ఇంటికి మారాక, ఇల్లు శుభ్రం చేయడానికి వారానికి రెండుసార్లు ఒక నల్లజాతి ఆవిడ వచ్చేది. మూడో వారమో నాలుగో వారమో అమ్మ టీ పెట్టి, ఒక స్టీలు గ్లాసు చేతిలో పట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడింది. మా ఊళ్లో పని చేసేవాళ్లకు పశువుల కొట్టం చూరులో వేరే గ్లాసు దోపి ఉండేది. ఆవిడ అమ్మ ముఖం ఒక్కసారి చూసి, వద్దని తల ఊపి, తన సంచిలోంచి తన సొంత గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. ఆ గ్లాసు ఆవిడ మొదటి రోజు నుంచీ తెచ్చుకుంటున్నదే. ఎన్ని ఇళ్లలో, ఎంతమంది ముఖాలు చూసి నేర్చుకుందో తెలియదు కానీ, ఒక తెలుగు ఇల్లాలి ముఖాన్ని కూడా ఆవిడ తేలిగ్గా చదివేసింది. అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. ఆ ఏడాదే బడిలో, తెల్లవారికి ఒకటి, నల్లవారికి ఒకటిగా మంచినీళ్ల కుళాయిలు ఉండేవని పాఠం చెప్పారు. తక్కిన పిల్లలు అది వాళ్ల అమ్మానాన్నల కాలపు సంగతిగా విన్నారు.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశం వెళ్లినప్పుడు ఆయన ఇంకా ఈ ఊరిలోనే, రాష్ట్ర శాసనసభ భవనానికి కూతవేటు దూరంలో ఉన్న డెక్స్‌టర్ అవెన్యూ చర్చిలో పాస్టరు. త్రివేండ్రంలో దళిత పిల్లలు చదివే ఒక బడిలో, అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు అని తనను పరిచయం చేశారనీ, మొదట ఆ మాట గుచ్చుకున్నా తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ ఆయన 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు. నేను అది చదివిన రోజు అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు. తర్వాత ఎప్పుడో ఆ ఇంట్లో టీ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో రావడం మొదలైంది, అది ఏ రోజో నేను గుర్తు పెట్టుకోలేదు.

ఇక మనల్ని ఎక్కడ నిలబెడతారన్న మీ ప్రశ్న. 1970 జనాభా లెక్కల్లో మనవారిని తెల్లవారి కింద రాశారు. 1980లో మొదటిసారి మనకంటూ ఒక గడి పెట్టారు. కాగితం మీద ఎలా ఉన్నా, ఊళ్లో మా స్థానం రోజును బట్టి, ఎదుటి మనిషిని బట్టి మారేది. డాక్టరుగారి అమ్మాయిగా తెల్లవారి క్లబ్బు ఈతకొలనులో నేను ఈత నేర్చుకున్నాను. అదే నేను 1979 చివర్లో, టెహ్రాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్న రోజుల్లో, పెట్రోలు బంకు దగ్గర కారులో కూర్చుని ఉంటే ఒకడు మీ ఇరాన్‌కు పొండి అని అరిచాడు. అక్కడ కొత్తవాళ్లను మొదట అడిగే ప్రశ్న ‘మీరు ఏ చర్చికి వెళతారు’ అన్నది. మనవైపు మీదే ఊరు, మీ ఇంటిపేరేమిటి అని అడిగి అసలు అడగదలచుకున్నది తెలుసుకున్నట్టే, చర్చి పేరు చెబితే వాళ్లకు మీ జాతి, వీధి, అంతస్తు అన్నీ తెలిసిపోతాయి. మనం ఏ చర్చికీ వెళ్లమని చెబితే వాళ్లకు లెక్క తెగదు. ఆ అయోమయంలో మనకు చాలాసార్లు లాభమే జరిగింది, ఆ మాట దాచుకోనక్కర్లేదు.

ఆ ఈతకొలను సంగతి కొంచెం చెప్పాలి. మా తరగతిలో నా పక్కన కూర్చునే నల్లజాతి అమ్మాయిని వేసవి సెలవుల్లో ఈతకు రమ్మని పిలిచాను. రాలేనంది. అయితే ఓక్ పార్కులో ఈత కొడదాం అన్నాను, పార్కు ఉంటే కొలను ఉంటుందనుకుని. అక్కడ కొలను పూడ్చేశారని ఆ అమ్మాయి చాలా మామూలుగా, వర్షం పడింది అన్నట్టు చెప్పింది. పార్కుల్లోకి తమనూ రానివ్వాలని నల్లవారు కోర్టుకెక్కితే, నగరపాలకులు 1959లో ఊళ్లోని పార్కులన్నీ మూసేశారు. తెల్ల పిల్లలకు కూడా లేకుండా పోయినా ఫరవాలేదనుకున్నారు. 1965లో పార్కులు తెరిచారు కానీ ఓక్ పార్కు కొలను మట్టి కిందే ఉండిపోయింది. తర్వాత తెల్లవారు క్లబ్బులు, సొంత పెరళ్లలో కొలనులు కట్టుకున్నారు. నా స్నేహితురాలు ఈ రోజుకీ ఈత రాని మనిషి. దక్షిణాదిలో వివక్ష అంటే ఎవరో ఎవరినో కొట్టడమని మన సినిమాలు చూసిన కళ్లకు అనిపిస్తుంది గానీ, నేను ఎక్కువగా చూసింది ఇలాంటి పూడ్చివేతలనే.

బడులూ అంతే. ప్రభుత్వ బడుల్లో రెండు జాతుల పిల్లలూ కలిసి చదవాలని కోర్టులు ఆదేశించిన 1960ల తర్వాత ఊరంతా ప్రైవేటు బడులు లేచాయి. నాన్న తోటి వైద్యులు, మర్యాద కొద్దీ, మీ అమ్మాయిని మా పిల్లలు చదివే చోటికే పంపండి అని సలహా ఇచ్చారు. ఫీజు ఎక్కువని నాన్న పంపలేదు. అందువల్లే నేను ఈ ఊరిని రెండు వైపుల నుంచీ చూడగలిగాను. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు మొదటి రాజధాని ఈ ఊరే; 1861 ఫిబ్రవరిలో వాటి అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ ప్రమాణం చేసిన చోట శాసనసభ మెట్ల మీద ఇప్పటికీ ఒక నక్షత్రం గుర్తు ఉంది. ఆయన పేరిట ఒక ఉన్నత పాఠశాల, ఆ సైన్యాధిపతి రాబర్ట్ లీ పేరిట మరొకటి ఉండేవి. వాటిలో చదివే పిల్లలు అత్యధికులు నల్లవారు. 2020 జూన్‌లో లీ విగ్రహాన్ని పీఠం మీంచి పడగొట్టారు, 2022లో ఆ బడికి పెర్సీ జూలియన్ పేరు పెట్టాలని నిర్ణయించారు. 1899లో ఇదే ఊళ్లో పుట్టి, గ్లాకోమా అనే కంటి జబ్బుకు వాడే మందును ప్రయోగశాలలో తయారు చేసిన గొప్ప రసాయన శాస్త్రవేత్త ఆయన. అయితే జనవరి మూడో సోమవారం రాష్ట్రమంతా సెలవు ఇచ్చేది మాత్రం ఇప్పటికీ కింగ్‌కూ లీకీ కలిపే. నా తరగతిలో ఆ సెలవు ఎవరి కోసం వచ్చిందని అడిగితే, జవాబుకు ముందు పిల్లలు పక్కవాళ్ల ముఖాలు చూసుకునేవారు.

మనవాళ్ల సంగతి చివరికి పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయినా, అసలు మీకు రాయాలనుకున్నది ఇదే. తెలుగువాళ్లం కలిసే విందుల్లో, తెల్ల డాక్టరు గురించి మాట్లాడేటప్పుడు ‘ఆయన’ అంటాం; అదే చదువు, అదే ఉద్యోగం ఉన్న నల్ల డాక్టరు గురించైతే ‘వాడు’ అంటాం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కాబట్టి బయట ఎవరికీ దొరకం. పిల్లలకు మాత్రం దొరుకుతాం, ఎందుకంటే వాళ్లు తెలుగు నేర్చుకునేది ఆ సంభాషణల్లోంచే. 2000 సంవత్సరంలో, నల్లవారికీ తెల్లవారికీ పెళ్లి జరగకూడదన్న పాత నిబంధనను అలబామా రాజ్యాంగంలోంచి తీసేయడానికి ఓటు పెట్టారు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వల్ల అది 1967 నుంచీ చెల్లనిదే అయినా నూటికి దాదాపు నలభైమంది ఉంచాలని ఓటేశారు. ఆ వారం ఒక విందులో అందరూ వీళ్లెంత వెనకబడ్డారో అని నవ్వుకున్నారు. మన సంఘంలో పెళ్లిళ్ల మీద అలాంటి ఓటు రహస్యంగా పెడితే నలభై దగ్గర ఆగుతుందా అని నేను అడిగాను. తర్వాతి రెండు విందులకు నాకు పిలుపు రాలేదు.

2015 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల తాతగారు కొడుకు ఇంటి వీధిలో నడుస్తుంటే, ఎవరో సన్నటి నల్లవాడు తిరుగుతున్నాడని పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి పడేయడంతో వెన్నుకు దెబ్బ తగిలి ఒళ్లు కొంతమేర చచ్చుబడింది. ఆ వార్త వచ్చినప్పుడు మనవాళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట, ‘పాపం, నల్లవాడు అనుకున్నారట’ అన్నది. నిజంగా నల్లవాడే అయితే సరిపోయేదా అని ఎవరూ అనుకోలేదు.

కాబట్టి పనికొచ్చే సంగతులు రాస్తాను. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు సాయంత్రం నడకకు కొన్నాళ్లు మీరూ వెంట వెళ్లి ఇరుగుపొరుగులకు పరిచయం చేయండి. జేబులో మీ చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి. ఇల్లు విషయంలో అందరూ ఊరి తూర్పు వైపు, లేదా తన బడులు 2015లో విడిగా పెట్టుకున్న పైక్ రోడ్ వైపు చూపిస్తారు. అక్కడి బడులు బాగుంటాయి, నేను కాదనను. కానీ ఊరి జనాభాలో నూటికి అరవైమంది నల్లవారని గుర్తు పెట్టుకుని, మీ పిల్లల తరగతిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క చూసుకోండి. ప్రభుత్వ బడుల్లో ప్రత్యేక ప్రవేశం ఉన్న మ్యాగ్నెట్ బడులకు దరఖాస్తు పెట్టడం మరచిపోకండి. నేను పాఠాలు చెప్పిన అతి తెలివైన పిల్లల్లో చాలామంది అక్కడివాళ్లే. మీ పాపను 2018 ఏప్రిల్‌లో తెరిచిన స్మారకానికి తీసుకెళ్లండి. మూకలు కొట్టి చంపిన, ఉరితీసిన నల్లవారి పేర్లు చెక్కిన 800కు పైగా ఉక్కు దిమ్మెలు, ఒక్కో జిల్లాకు ఒకటి చొప్పున, పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటాయి. బాబును రెండేళ్లు ఆగి తీసుకెళితే మంచిది.

చిన్నవాడికి ప్రస్తుతానికి ఓక్ పార్కు చాలు. చెట్లు బాగుంటాయి, నక్షత్రశాల కూడా ఉంది. దానికి పెట్టిన గేల్ అన్న పేరు, 1956లో బస్సుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచినప్పుడు ఓడిపోయిన వైపున్న నగర మేయరుది. లోపల దీపాలు ఆర్పి, పైకప్పు మీద ఆ రాత్రి ఆకాశం చూపిస్తారు. ఎవరు ఏ వరుసలో కూర్చున్నారో చీకట్లో కనపడదు. బయటికి వచ్చాక కొలను ఎక్కడ ఉండేదని అడిగి చూడండి. కాస్త వయసు మళ్లిన నల్లవాళ్లు ఎవరైనా అక్కడుంటే చెయ్యి చాపి చూపిస్తారు. అడిగేటప్పుడు ‘సర్’ అనో ‘మ్యామ్’ అనో అడగండి, పిల్లలు పక్కనే ఉంటారు కదా.